వైర్‌లెస్ మౌస్, కీబోర్డ్ మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతున్నాయా? కొత్తవి కొనే ముందు ఈ వరసలో చెక్ చేయండి

పోయిన నెలలో ఒక రోజు రాత్రి పదకొండు దాటాక మా బాబాయి వాళ్ల అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, మౌస్ మళ్లీ ఆగిపోతోంది. రేపు పొద్దున పదింటికి ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంది. కెమెరా ఆన్‌లో పెట్టి రాయాలి, మధ్యలో లేవడానికి కూడా లేదు. ఏం చేయమంటావ్?"

ఆ "మళ్లీ" అన్న మాటకి నాకే సిగ్గేసింది. పది రోజుల ముందు వాడు ఇదే ప్రాబ్లమ్ చెప్తే, నేను ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా "పాతదైపోయి ఉంటుందిరా, కొత్తది తీసేసుకో" అనేశాను. వాడు తొమ్మిది వందలు పెట్టి కొన్నాడు. ఇప్పుడు ఆ కొత్తది కూడా అచ్చం పాతదానిలాగే ఆగి ఆగి కదులుతోంది. రెండు వేర్వేరు కంపెనీల మౌస్‌లు ఒకే రకంగా పాడయ్యాయంటే, పాడైంది మౌస్ కాదన్నమాట.

ఆ రాత్రి ఫోన్‌లోనే ఒక్కొక్కటీ చెక్ చేసుకుంటూ వెళ్తే, దాదాపు ఇరవై నిమిషాల్లో అసలు కారణం దొరికింది. అప్పుడు ఫాలో అయిన వరసనే ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. మీకు గుర్తుండాల్సింది ఒక్కటే. మౌస్ నుంచి స్క్రీన్ మీద బాణం వరకు నాలుగు మజిలీలు ఉంటాయి: మౌస్ లేదా కీబోర్డ్, మధ్యలో గాలి, కంప్యూటర్ వైపు రిసీవర్, చివరగా విండోస్. లింక్ వీటిలో ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా డ్రైవర్లు మార్చడం, కొత్తవి కొనడం రెండూ దండగే.

1. ముందు మీది ఏ రకమో చూడండి

బయటికి అన్నీ వైర్‌లెస్సే. కానీ లోపల రెండు రకాలు.

మొదటిది డాంగిల్ రకం. గోరంత యూఎస్‌బీ రిసీవర్ ఒకటి డబ్బాలో వస్తుంది. అది పెడితే చాలు, పెయిరింగ్ అక్కర్లేదు. ఎందుకంటే ఫ్యాక్టరీలోనే ఆ మౌస్‌ని, ఆ డాంగిల్‌ని జత చేసి పంపిస్తారు. కంప్యూటర్‌కి ఇది మామూలు యూఎస్‌బీ మౌస్ లాగే కనిపిస్తుంది.

రెండోది బ్లూటూత్ రకం. దీనికి డాంగిల్ ఉండదు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెయిర్ చేసుకోవాలి. ఇక్కడ రిసీవర్ అంటే మీ ల్యాప్‌టాప్ లోపల ఉన్న బ్లూటూత్ చిప్పే.

ఈ మధ్య రెండూ ఉన్న మోడల్స్ కూడా ఎక్కువగా వస్తున్నాయి. వాటికి అడుగున చిన్న స్విచ్చో, 1, 2, 3 అని బటన్లో ఉంటాయి. రెండు రకాలూ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే. మన వైఫై రూటర్లు కూడా ఆ బ్యాండ్ వాడతాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరే పని చేస్తుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

2. రెండు నిమిషాల్లో అయిపోయే చెకింగ్

ఇవి చదివి "ఇవి నాకు తెలియవా" అనుకోవద్దు. నేనూ అలాగే అనుకునేవాడిని.

స్విచ్: అడుగున ఉన్న ఆన్-ఆఫ్ స్విచ్ బ్యాగ్‌లో రాసుకుని జరిగిపోతుంటుంది. ఒకసారి ఆఫ్ చేసి, పది సెకన్లు ఆగి ఆన్ చేయండి.

ఛానల్: 1, 2, 3 బటన్లు ఉన్న మోడల్ అయితే, అది మీ ఫోన్‌కో ట్యాబ్‌కో కనెక్ట్ అయి ఉందేమో చూడండి. కీబోర్డ్‌లో టైప్ చేస్తే ల్యాప్‌టాప్‌లో ఏమీ రాదు. పక్కన ఉన్న ట్యాబ్‌లో మాత్రం అక్షరాలు పడిపోతుంటాయి.

బ్యాటరీ: "లైట్ వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ బానే ఉంది" అనేది తప్పు లెక్క. చిన్న ఎల్‌ఈడీ వెలగడానికి కొంచెం కరెంట్ చాలు. రేడియో సిగ్నల్ పంపే క్షణంలో మాత్రం ఒక్కసారిగా ఎక్కువ కావాలి. నీరసపడిన సెల్ అక్కడ చేతులెత్తేస్తుంది. అందుకే మౌస్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుంది. గోడ గడియారంలోంచి తీసిన సెల్‌తో టెస్ట్ చేయొద్దు. గడియారానికి సరిపోయే చవక జింక్ కార్బన్ సెల్స్ కాకుండా, ఆల్కలైన్ సెల్స్ కొత్తవి వేసి చూడండి. రెండు సెల్స్ పట్టేది అయితే రెండూ ఒకేసారి మార్చాలి. ఇంకో విషయం, రీఛార్జబుల్ సెల్స్ 1.2 వోల్టులే ఇస్తాయి, మామూలువి 1.5 ఇస్తాయి. అందుకే రీఛార్జబుల్ వేస్తే ఫుల్ ఛార్జ్‌లో కూడా "బ్యాటరీ లో" అని చూపించొచ్చు. అది చూసి కంగారు పడొద్దు.

తుప్పు: నెలల తరబడి వాడకుండా వదిలేసిన కీబోర్డ్‌లో సెల్స్ కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం. కాబట్టి ఇయర్ బడ్‌కి రెండు చుక్కల నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడిస్తే వదులుతుంది. తర్వాత పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్స్ వేయండి. ఆ పొడిని వట్టి చేత్తో గీకొద్దు.

రీస్టార్ట్: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది అనుకుంటాం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. సిస్టమ్ స్థితిని కొంత డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే లోడ్ చేస్తుంది. డ్రైవర్ తిక్క కూడా అలాగే తిరిగొస్తుంది. అందుకని కచ్చితంగా "రీస్టార్ట్" అనే ఆప్షనే నొక్కండి.

3. మౌస్ లేకుండా, కీబోర్డ్ లేకుండా కంప్యూటర్ నడపడం

సెట్టింగ్స్ మార్చాలంటే మౌస్ కావాలి. మౌస్ పని చేయాలంటే సెట్టింగ్స్ మార్చాలి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. బయటపడే దారులు ఇవి.

మౌస్ పోతే: విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. ట్యాబ్, యారో కీలు, ఎంటర్‌తో తిరగొచ్చు. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డ్ అయితే ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కండి. మౌస్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది, ఎస్ అనండి. ఇక 8, 2, 4, 6 అంకెలతో బాణం కదులుతుంది, 5 నొక్కితే క్లిక్.

కీబోర్డ్ పోతే: లాగిన్ స్క్రీన్‌లో కింద కుడి మూలన యాక్సెసిబిలిటీ గుర్తు ఉంటుంది. దాన్ని క్లిక్ చేస్తే ఆన్ స్క్రీన్ కీబోర్డ్ వస్తుంది, మౌస్‌తోనే పాస్‌వర్డ్ కొట్టేయొచ్చు.

ల్యాప్‌టాప్ వాళ్లకి ఇంకో తమాషా. కొన్ని ల్యాప్‌టాప్స్‌లో మౌస్ పెట్టగానే టచ్‌ప్యాడ్ ఆఫ్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది. డాంగిల్ పెట్టి ఉంది కాబట్టి టచ్‌ప్యాడ్ పని చేయదు, మౌస్ ఎలాగూ పని చేయట్లేదు. అప్పుడు "రెండూ పోయాయి" అని భయపడతాం. డాంగిల్ పీకేయండి, టచ్‌ప్యాడ్ తిరిగొస్తుంది.

4. తప్పు ఎక్కడుందో తేల్చే టెస్ట్

ఈ ఆర్టికల్‌లో ఒక్కటే చదువుతాను అంటే ఇది చదవండి. నేను మొదటి రోజే ఈ టెస్ట్ చేయించి ఉంటే మా వాడికి తొమ్మిది వందలు మిగిలేవి.

మౌస్‌ని ఇంకో డివైస్‌తో వాడి చూడండి. ఇంట్లో రెండో కంప్యూటర్ లేకపోయినా పర్లేదు, మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. బ్లూటూత్ మౌస్ అయితే ఫోన్‌కి నేరుగా పెయిర్ చేయండి. డాంగిల్ రకం అయితే ఓటీజీ అడాప్టర్‌లో డాంగిల్ పెట్టి ఫోన్‌కి గుచ్చండి. ఓటీజీ సపోర్ట్ ఉన్న ఫోన్‌లో వెంటనే స్క్రీన్ మీద బాణం వస్తుంది. కీబోర్డ్ అయితే నోట్స్ యాప్ తెరిచి టైప్ చేయండి.

ఫోన్‌లో కూడా ఆగి ఆగి వస్తోందంటే తప్పు మౌస్‌లోనో, కీబోర్డ్‌లోనో, దాని డాంగిల్‌లోనో ఉంది. ఫోన్‌లో చక్కగా నడిచిందంటే మీ మౌస్ బంగారం. తప్పు మీ కంప్యూటర్ వైపో, దాని చుట్టుపక్కలో ఉంది.

డాంగిల్ రకానికి ఇంకో చిన్న గుర్తు: డాంగిల్ పీకి మళ్లీ పెట్టినప్పుడు విండోస్ ఇచ్చే ఆ "టింగ్" సౌండ్ వింటున్నారా? సౌండ్ వస్తే కంప్యూటర్ డాంగిల్‌ని గుర్తు పట్టింది. అంటే లింక్ తెగింది డాంగిల్‌కీ మౌస్‌కీ మధ్య. సౌండ్ రాకపోతే ఇంకో పోర్ట్‌లో పెట్టి చూడండి. ఏ పోర్ట్‌లోనూ రాకపోతే డాంగిలే పోయి ఉండొచ్చు.

మా వాడి చేత ఓటీజీ టెస్ట్ చేయించాను. "అన్నా, ఫోన్‌లో వెన్నలా కదులుతోంది" అన్నాడు. పాత మౌస్ డాంగిల్ కూడా పెట్టమన్నాను. అదీ వెన్నే! అప్పుడు నేను మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను: "ఈ ప్రాబ్లమ్ మొదలైనప్పుడు టేబుల్ మీదకి కొత్తగా ఏమొచ్చింది?"

కాసేపు ఆలోచించి, "ఏమీ లేదన్నా... ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొన్నా, అంతే" అన్నాడు.

5. డాంగిల్ రకం: అసలు విలన్ పక్క పోర్ట్‌లో ఉంటాడు

వాడి ల్యాప్‌టాప్ కుడి వైపు రెండు యూఎస్‌బీ పోర్ట్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో మౌస్ డాంగిల్, ఇంకోదాంట్లో హార్డ్ డిస్క్. డిస్క్ తీయించాను, మౌస్ సాఫీగా కదిలింది. మళ్లీ పెట్టించి ఒక పెద్ద సినిమా ఫైల్ కాపీ చేయమన్నాను, మౌస్ నత్తలా పాకింది. మూడు సార్లు తీసి పెట్టించాను, మూడు సార్లూ అదే తంతు.

కారణం ఇది. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లు. యూఎస్‌బీ 3.0 వేగం 5 గిగాబిట్లు. అంత వేగంగా డేటా వెళ్తున్నప్పుడు కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి, డ్రైవ్ నుంచి కొంత రేడియో రొద బయటికి లీక్ అవుతుంది. ఆ రొద చాలా వెడల్పుగా పరుచుకుని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని కూడా కప్పేస్తుంది. ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు, ఇంటెల్ కంపెనీయే 2012లో దీని మీద కొలతలతో సహా ఒక పత్రం విడుదల చేసింది.

మౌస్ పంపే సిగ్నల్ చాలా సన్నటిది. డాంగిల్ ఏమో రొద చేసే పోర్ట్‌కి అంగుళం దూరంలో ఉంది. పెళ్లి ఊరేగింపులో డీజే బాక్స్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడితే ఎలా ఉంటుందో, డాంగిల్ పరిస్థితి అది. అవతలి మనిషి గట్టిగానే మాట్లాడుతున్నాడు, మీకే వినపడదు. మౌస్ మార్చడం అంటే అవతల మాట్లాడే మనిషిని మార్చడం. దానివల్ల ఏం లాభం?

కీబోర్డ్‌కి కూడా ఇదే జరుగుతుంది, కానీ లక్షణం వేరుగా ఉంటుంది. కీ నొక్కినట్టు ఒక మెసేజ్, వదిలినట్టు ఇంకో మెసేజ్ వెళ్తాయి. వదిలిన మెసేజ్ దారిలో పోతే, మీరు ఇంకా నొక్కే ఉన్నారని విండోస్ అనుకుంటుంది. అప్పుడు ఒకే అక్షరం వరసగా పది, ఇరవై సార్లు పడిపోతుంది. దీన్ని చూసి కీ ఇరుక్కుపోయిందని కీబోర్డ్ విప్పేవాళ్లు ఉన్నారు.

పరిష్కారాలు, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి:

ఒకటి, డాంగిల్‌ని ల్యాప్‌టాప్ రెండో వైపు పోర్ట్‌కి మార్చండి. మౌస్ పట్టుకునే చేతి వైపే డాంగిల్ ఉంటే ఇంకా మంచిది, అప్పుడు డ్రైవ్‌ని అటువైపు పెట్టండి.

రెండు, యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఉంటే డాంగిల్ అందులో పెట్టండి. సాధారణంగా 3.0 పోర్ట్ లోపల ప్లాస్టిక్ నీలం రంగులో ఉంటుంది లేదా పక్కన ఎస్‌ఎస్ అనే గుర్తు ఉంటుంది. 2.0 నలుపు లేదా తెలుపు. అన్ని కంపెనీలూ ఈ రంగులు పాటించవు కాబట్టి అనుమానం ఉంటే మోడల్ స్పెసిఫికేషన్స్ చూడండి. మౌస్‌కి 2.0 వేగం ఎక్కువే.

మూడు, ఒక మీటర్ యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ని టేబుల్ మీదకి, మౌస్ దగ్గరికి తెచ్చేయండి. డెస్క్‌టాప్ వాళ్లకి నేను చెప్పే మొదటి సలహా ఇదే. సీపీయూ టేబుల్ కింద, డాంగిల్ దాని వెనక, మధ్యలో ఇనుప క్యాబినెట్. సిగ్నల్ అక్కడే సగం చచ్చిపోతుంది.

నాలుగు, టైప్-సీ హబ్ వాడేవాళ్లు డాంగిల్‌ని హబ్‌లో పెట్టొద్దు. హబ్‌లో డ్రైవ్, హెచ్‌డీఎమ్‌ఐ అన్నీ ఇరుకుగా ఒకచోట ఉంటాయి. తప్పనిసరి అయితే హబ్‌కి కూడా ఎక్స్‌టెన్షన్ వేసి డాంగిల్‌ని దూరంగా పెట్టండి.

ఐదు, వైఫై. రూటర్ రెండు బ్యాండ్‌లూ ఇస్తుంటే ల్యాప్‌టాప్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి కనెక్ట్ చేయండి. మీ ల్యాప్‌టాప్ వైఫై, మౌస్ ఒకే బ్యాండ్‌లో కొట్టుకోవడం తగ్గుతుంది.

6. బ్లూటూత్ రకం: తీసేసి మళ్లీ పెయిర్ చేయడం సరిగ్గా చేయాలి

బ్లూటూత్‌లో సగం సమస్యలు పెయిరింగ్ సమాచారం చెడిపోవడం వల్లే వస్తాయి. లిస్ట్‌లో "పెయిర్డ్" అని ఉంటుంది కానీ కనెక్ట్ అవ్వదు. అప్పుడు పదిసార్లు కనెక్ట్ నొక్కడం కాదు, మొత్తం తీసేయాలి.

విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్‌లోకి వెళ్లి, ఆ డివైస్ పక్కన మూడు చుక్కలు నొక్కి "రిమూవ్ డివైస్" చేయండి. తర్వాత మౌస్ లేదా కీబోర్డ్‌ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టండి. ఆన్ చేయడం వేరు, పెయిరింగ్ మోడ్ వేరు. ఎక్కువ మోడల్స్‌లో బ్లూటూత్ బటన్‌ని మూడు నుంచి ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే లైట్ వేగంగా మిణుకుతుంది, అదే పెయిరింగ్ మోడ్. అప్పుడు "యాడ్ డివైస్" చేయండి. కీబోర్డ్ అయితే స్క్రీన్ మీద ఒక కోడ్ కనిపించొచ్చు. ఆ అంకెలు పెయిర్ చేస్తున్న కీబోర్డ్ మీదే కొట్టి, ఎంటర్ నొక్కాలి. చాలామంది ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీద కొట్టి, ఫెయిల్ అయిందంటారు.

దీనికీ లొంగకపోతే ఈ నాలుగు చూడండి.

డెస్క్‌టాప్ యాంటెన్నా: వైఫై ఉన్న మదర్‌బోర్డ్‌తో పీసీ బిల్డ్ చేసినవాళ్లు, "నేను లాన్ కేబుల్ వాడతాను కదా" అని వెనకాల యాంటెన్నాలు బిగించకుండా డబ్బాలోనే వదిలేస్తారు. ఆ బోర్డుల్లో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డ్ మీద ఉంటాయి, బ్లూటూత్‌కి కూడా ఆ యాంటెన్నాలే దిక్కు. అవి లేకపోతే అడుగు దూరంలో పని చేసి, కుర్చీలో వెనక్కి వాలగానే కట్ అవుతుంది. డబ్బా వెతికి బిగించండి, అంతే.

బ్లూటూత్ ఆప్షనే మాయమైపోతే: ముఖ్యంగా ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి లేచాక ఇలా అవుతుంది. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకుని, తర్వాత ఆన్ చేయండి. అయినా రాకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి బ్లూటూత్ డ్రైవర్ తీసుకోండి. ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్ అని వచ్చే సాఫ్ట్‌వేర్‌ల జోలికి వెళ్లొద్దు.

డ్యుయల్ బూట్: ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్నవాళ్లకి ఒకదాంట్లో పెయిర్ చేస్తే రెండోదాంట్లో పోతుంది. పెయిర్ చేసినప్పుడల్లా కొత్త రహస్య కీ తయారవుతుంది. ల్యాప్‌టాప్ చిప్ ఒక్కటే కాబట్టి మౌస్ చివరి కీ మాత్రమే గుర్తు పెట్టుకుంటుంది, పాత ఓఎస్ దగ్గర పాత కీ ఉండిపోతుంది. 1, 2, 3 ఛానల్స్ ఉన్న మౌస్ అయితే 1 విండోస్‌కి, 2 లినక్స్‌కి ఇచ్చేయండి, గొడవ ఉండదు.

బయాస్ స్క్రీన్: బ్లూటూత్ కీబోర్డ్ సాధారణంగా బయాస్‌లో పని చేయదు, ఎందుకంటే విండోస్ లోడ్ అయ్యాకే కనెక్షన్ వస్తుంది. అది రిపేరు కాదు. డాంగిల్ కీబోర్డ్ అయితే యూఎస్‌బీ కీబోర్డ్‌లాగే కనిపిస్తుంది కాబట్టి బయాస్‌లో కూడా మామూలుగా పని చేస్తుంది. ఓఎస్ ఇన్‌స్టాలేషన్లు ఎక్కువ చేసేవాళ్లు ఇంట్లో ఒక వైర్ కీబోర్డ్ ఉంచుకోండి.

ఒక హెచ్చరిక: మీ దగ్గర ఉన్న కీబోర్డ్, మౌస్ రెండూ బ్లూటూత్‌వే అయితే, డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ డ్రైవర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే.

7. కాసేపు వదిలేస్తే కట్ అవుతోందా? విండోస్ పొదుపు చూడండి

వాడుతున్నంతసేపు బానే ఉండి, ఫోన్ చూసి వచ్చేసరికి మౌస్ లేవట్లేదంటే పవర్ సేవింగ్‌ని అనుమానించాలి. మౌస్ దానంతట అది నిద్రపోవడం మామూలే, ఒక క్లిక్ చేస్తే అర సెకనులో లేస్తుంది. అసలు లేవకపోతేనే ఇది చేయండి.

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. చివర్లో ఉన్న యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆఫ్ చేయొచ్చు" అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. బ్లూటూత్ రకం అయితే బ్లూటూత్ విభాగంలో మీ అడాప్టర్‌కి అదే చేయండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్తే "యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్" అని ఇంకోటి ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయండి. కొన్ని ల్యాప్‌టాప్స్‌లో ఈ ఆప్షన్లు కనిపించవు, అప్పుడు వదిలేయండి. దీనివల్ల బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది, కాబట్టి సమస్య ఉన్నవాళ్లే చేయండి.

8. కనెక్షన్ బానే ఉన్నా పోయినట్టు కనిపించేవి

గాజు టేబుల్: ఎక్కువ ఆప్టికల్ మౌస్‌లు గాజు మీద, బాగా మెరిసే సన్‌మైకా మీద తడబడతాయి. క్లిక్ పని చేస్తూ బాణం మాత్రమే గెంతుతుంటే అది కనెక్షన్ కాదు, సెన్సర్. కింద ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి. సెన్సర్ రంధ్రంలో వెంట్రుక చిక్కుకుందేమో కూడా చూడండి.

ఎర్ర లైట్ లేదని: చాలా కొత్త మౌస్‌లలో సెన్సర్ కాంతి ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనిపించదు. లైట్ లేదు కాబట్టి చచ్చిపోయింది అనుకోవద్దు.

ఫిల్టర్ కీస్: కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే విండోస్ ఫిల్టర్ కీస్ అడుగుతుంది. గేమ్ ఆడుతూ చూసుకోకుండా ఎస్ కొట్టేస్తే, ఆ తర్వాత కీలు నెమ్మదిగా పడతాయి, కొన్ని అసలు పడవు. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లో దాన్ని ఆఫ్ చేయండి.

9. మరి ఎప్పుడు కొత్తది కొనాలి?

ఫోన్ టెస్ట్‌లో కూడా, కొత్త ఆల్కలైన్ సెల్స్‌తో కూడా ఫెయిల్ అయితే డివైస్ పోయినట్టే. వారంటీ ఉందేమో చూడండి, లేకపోతే కొత్తది కొనండి.

డాంగిల్ పోగొట్టుకున్నవాళ్లకి: మామూలు చవక మోడల్స్‌లో ఇంకో డాంగిల్ పెడితే పని చేయదు, జత ఫ్యాక్టరీలోనే అయిపోయింది. కొన్ని కంపెనీలు మాత్రం విడిగా రిసీవర్ అమ్మి, సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోనిస్తాయి. ఉదాహరణకి లాజిటెక్ యూనిఫైయింగ్ రిసీవర్, దాని మీద నారింజ రంగు గుర్తు ఉంటుంది, ఒకదానికి ఆరు డివైస్‌ల వరకు జత చేయొచ్చు. అదే కంపెనీ 2021లో తెచ్చిన లాజి బోల్ట్ రిసీవర్ వేరు, ఒకదాని బదులు ఇంకోటి పని చేయదు. కొనే ముందు మౌస్ అడుగున ఏ గుర్తు ఉందో చూసుకోండి.

10. టెస్టో, ఇంటర్వ్యూనో ఉంటే ముందు రోజు ఇవి చేయండి

కొత్త సెల్స్ వేయండి. ఎక్స్‌టర్నల్ డ్రైవ్, అవసరం లేని హబ్ పీకేయండి. డాంగిల్‌ని మౌస్‌కి ఎదురుగా, అడ్డం లేకుండా పెట్టండి. పెండింగ్ అప్‌డేట్స్ ఉంటే ముందే చేసి, రీస్టార్ట్ చేయండి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక వైర్ మౌస్ కంప్యూటర్‌కి గుచ్చి పక్కన పెట్టుకోండి. రెండు మౌస్‌లు ఒకేసారి పెట్టినా ఏమీ కాదు, ఏది కదిపితే అది పని చేస్తుంది. వైర్‌లెస్ ఆగితే చేయి జరిపి రెండోది పట్టుకోవడమే.

మా వాడు ఆ రాత్రి హార్డ్ డిస్క్ తీసేసి, డాంగిల్‌ని ఎడమ వైపు పోర్ట్‌కి మార్చి, పక్క రూమ్ అబ్బాయి దగ్గర వైర్ మౌస్ అరువు తెచ్చుకుని పడుకున్నాడు. టెస్ట్ రెండు గంటలూ మౌస్ ఒక్కసారి కూడా ఆగలేదట, అరువు మౌస్ ముట్టుకునే పనే పడలేదు. రిజల్ట్ ఇంకా రాలేదు, అది మౌస్ చేతిలో లేదు కదా.

పాత మౌస్ ఇప్పుడు వాడి బ్యాగ్‌లో స్పేర్‌గా ఉంది. నేను మాత్రం ఆ తొమ్మిది వందలకి ఒక బిర్యానీ బాకీ పడ్డాను. అప్పటినుంచి ఎవరైనా "మౌస్ పని చేయట్లేదు" అంటే, కొనమని చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: ఫోన్‌కి పెట్టి చూశావా? పక్క పోర్ట్‌లో ఏముంది?